గోల్‌కీపర్ జీతం పెంచిన దొంగ

జీతం తగ్గించారని ఏడ్చినవాళ్ళను చూశాను. జీతం ఎగ్గొట్టారని కర్రలు పట్టుకున్నవాళ్ళనూ చూశాను. కాని జీతం పెరిగిందని నెత్తి కొట్టుకుంటూ, పెంచిన దొంగను పట్టుకొమ్మని బస్సెక్కి కరీంనగర్ దాకా వచ్చి నన్ను వెంటబెట్టుకుపోయినవాడు సారయ్య ఒక్కడే.

1961 డిసెంబరు, బుధవారం. మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలు. నస్పూర్ దాటి ఆరు మైళ్ళు పోతే వచ్చే తాళ్ళబోడు బొగ్గుగని. దాని హాకీ గ్రౌండు, అంటే బాయిలర్ బూడిద పోసి చదును చేసిన జాగా. సారయ్య గనిలోకి మనుషుల్ని దింపే ఇంజను నడుపుతాడు. వయసు నలభై మూడు. హాకీ టీముకు కెప్టెన్. పదిహేనేళ్ళుగా ఆ బూడిదలోనే ఆడుతున్నాడు కాబట్టి మనిషి కూడా కొంచెం ఆ రంగుకే తిరిగాడు.

"జర సాఫ్‌గ చెప్పు సారయ్యా. నేరం ఏంది?" అన్నాను పుస్తకం తెరిచి.

"గోల్‌కీపర్ ఎల్లేశంకు పదకొండు రూపాయలు పెరిగినయ్ సార్."

"సంతోషం. నేరం ఏంది?"

"గదే సార్ నేరం."

పెన్సిలు జేబులో పెట్టి, కథ మొదటినుంచి చెప్పమన్నాను. పోయిన ఏడాది భైంసా పత్తి మిల్లు సేటు మనిషికి నూటయాభై చొప్పున పారేసి తాళ్ళబోడు టీములోని ఐదుగురు మంచి ఆటగాళ్ళను ఎగరేసుకుపోయాడు. కప్పు కూడా పోయింది. మిగతా టీములు లబోదిబోమంటే టోర్నమెంటు కమిటీ ఒక రూలు పెట్టింది. జాబితాలో ఉన్న పదకొండుమంది నెలజీతాలు కలిపితే ఎనిమిది వందల ఎనభై రూపాయలు దాటకూడదు. ఒక్క రూపాయి దాటినా జాబితా చెల్లదు.

"మరి సేటు ఎట్ల ఆడిస్తుండు?"

"కాయితం మీద మనిషికి నలభై రాస్తడు సార్. మిగతాది నెయ్యి డబ్బాలిస్తడు. రూలుల జీతం సంగతే ఉన్నది, నెయ్యి సంగతి లేదు. మాకేమో నెయ్యి లేకపాయె."

నెయ్యి లేని సారయ్య ఆరు నెలలు కూర్చుని టీమును మళ్ళీ కట్టాడు. ఆట బాగా వచ్చి జీతం తక్కువ ఉన్నవాడు ఎవడా అని షిఫ్టు షిఫ్టుకూ గని గేటు దగ్గర కాపు కాశాడు. ఒకడికి మేస్త్రీ ఉద్యోగం వస్తే కాళ్ళు మొక్కి వద్దనిపించాడు. ఆ మేస్త్రీ కావలసినవాడి భార్య ఇప్పటికీ నల్లా దగ్గర సారయ్య పేరు పెట్టి తిడుతుందట. అంత పాట్లు పడి లెక్క ఎనిమిది వందల డెబ్భై ఆరుకు తెచ్చాడు. అప్పుడు దిగింది ఎల్లేశం మీద పదకొండు రూపాయల హుకుం. ఇప్పుడు లెక్క ఎనిమిది వందల ఎనభై ఏడు.

"ఐదు గంటలకు జీపు మంచిర్యాలల కమిటీ కాడికి పోతది సార్. గా జీపుల జాబితా పోవాలె. పోకపోతే టీం బంద్ అన్నడు కొత్త మేనేజర్ దొర. ఆటగాళ్ళని చెప్పి బావి బయటి పని ఇచ్చిన్రు మా పోరగాళ్ళకు. టీం పోతే అందరు మల్ల బావిలకే."

"గోల్‌కీపర్‌ను మార్చరాదు?"

"ఎవల్ని పెట్టాలె? బంతి వస్తే మిగతావాళ్ళందరు పక్కకు జరుగుతరు. గీడొక్కడే జరగడు."

జాబితా చూపమన్నాను. చూపించాడు కాని ఒక వరుస మీద బొటనవేలు పెట్టి పట్టుకున్నాడు. చదివినంతసేపూ ఆ వేలు కదలలేదు. వేలి కింద ఉన్నది తన పేరేననీ, అందరికన్నా పెద్ద జీతం, నూటపద్దెనిమిది, తనదేననీ నేను ఎత్తిచూపలేదు. డిటెక్టివ్‌కు కూడా మర్యాద ఉంటుంది.

కేసు మాత్రం తేలికైనదే. అర్జీ పెట్టనిదే జీతం పెరగదు. ఎల్లేశం అర్జీ పెట్టలేదంటున్నాడు. చదువు రానివాడు కనుక అర్జీ మీద సంతకం ఉండదు, నిశానీ ఉంటుంది. అంటే ఎవడో దొంగ బొటనవేలు ఒత్తాడు. అది దొంగదని రుజువైతే హుకుం రద్దు. లెక్క మళ్ళీ డెబ్భై ఆరు. మూడింటికల్లా తేల్చేస్తానని సారయ్యకు మాటిచ్చాను. నా నోటికి తాళం లేకపోవడం నాకున్న ఒకే ఒక్క లోపం.

రెండు ఇరవై ఐదు. కంపెనీ క్వార్టరు నంబరు నలభై.

గోల్‌కీపర్ అన్నం తింటున్నాడు. కూర్చుంటేనే గడప నిండిపోయే మనిషి. ఆ శరీరానికి బంతి తగలకుండా గోలులోకి పోవాలంటే నిజంగానే కష్టం. ఎడమ చెయ్యి చూపమన్నాను. నాలుగేళ్ళ కింద బొగ్గు తొట్టి కింద పడి ఆ బొటనవేలు సగం చప్పటైంది. మచ్చ అడ్డంగా పాకింది. మచ్చకు పైనా కిందా మిగిలిన గీతలు మాత్రం భూతద్దంలో స్పష్టంగా కనిపించాయి, విల్లు వంచినట్టు.

"అర్జీ నువ్వు పెట్టలేదు గద?"

"పెట్టలే సార్." చెమటలు పడుతున్నాయి. డిసెంబరులో, నీడలో కూర్చున్న మనిషికి. "సార్, గీ నిశానీ సంగతి ఇడిసిపెట్టరాదు? నా జీతం నాకు తక్కువనే ఉండనియ్యిన్రి."

"ఎందుకుండాలె తక్కువ?" పొయ్యి దగ్గరనుంచి ఒక గొంతు లేచింది. ఆ ఇంటామె సత్తమ్మ. చేతిలో గంటె. "ఆరేండ్లల్ల ఒక్క పైస పెరగలే. ఎవ్వడో పుణ్యాత్ముడు పెంచిండు. పెరిగిన జీతం ఊడగొట్టెతందుకు కరీంనగర్ కెళ్ళి మనిషిని తెచ్చిన్రా? పెంచమన్నప్పుడు ఎవ్వడన్న వచ్చిండా?"

సమాధానం లేని ప్రశ్నలకు నేను వేరే ప్రశ్న వేస్తాను. "నీ పెనిమిటి పూర్తి పేరు చెప్పమ్మా, రాసుకోవాలె."

సత్తమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. "పేరు నేను చెప్పరాదు. ఇంటి పేరు వేములోళ్ళు. మగ్గం పని ఇంటోళ్ళం. మిగతాది సారయ్యన్ననడుగు."

మా వైపు ఆడవాళ్ళు భర్త పేరు నోట పలకరు. అది తెలిసినవాడిని కనుక వత్తిడి చెయ్యలేదు. ఇంతలో గోల్‌కీపర్ చెయ్యి కడుక్కోబోయాడు.

"ఓ గోల్‌కీపర్! ఇంకో ముద్ద తిను," అంది సత్తమ్మ.

"చాలే. గా పదకొండు రూపాయలు మనకద్దు, ఇడిసిపెడుదాం..."

టంగుమని నెత్తిమీద గంటె పడింది. గట్టిగానే పడింది. గోల్‌కీపర్ ఇంకో ముద్ద తిన్నాడు. నేను పుస్తకంలో 'గంటె' అని రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

రెండు యాభై ఐదు. కంపెనీ ఆఫీసులో ఫైళ్ళ గది.

గుమాస్తా రాజం తాళం తీశాడు. పోయిన నెలే బదిలీ మీద వచ్చినవాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడన్నట్టు, ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని కాగితాలన్నీ దుమ్ము దులిపి, వచ్చిన ప్రతి అర్జీ మీదా నాలుగు రోజుల్లో హుకుం పుట్టిస్తున్నాడు. గది ఆరడుగుల వెడల్పు. ఒకే కిటికీ, దానికి ఊచలు. ఊచల మీద సాలెగూడు చెక్కుచెదరలేదు. దొంగతనంగా ఎవరూ లోపలికి రాలేదు.

అర్జీ చేతికి తీసుకున్నాను. పదకొండో తారీకు. ఆరేళ్ళ సర్వీసు నిండింది గనుక జీతం పెంచమని ఎవరో అర్జీలు రాసేవాడు రాసిపెట్టిన నాలుగు వరుసలు. కింద ఎడమ బొటనవేలి ముద్ర. నిజాం కాలంలో పదమూడేళ్ళు ఆబ్కారీ ఇన్‌స్పెక్టరుగా గుడుంబా కుండలు పట్టినవాడిని, నాకు కళ్ళకంటే ముక్కు ముందు పనిచేస్తుంది. కాగితం వాసన చూశాను. గంజి. పాచిపోయిన అన్నపు గంజి కాదు, మగ్గాల మీద నూలుకు పట్టించే గంజి.

"వాసన చూసి దొంగను పడ్తరా? మా కుక్క కూడా గట్లనే పడ్తది. దానికి మాత్రం ఫీజు లేదు."

ద్వారంలో దేవదాస్ నిలబడి ఉన్నాడు. కంపెనీ కావలివాళ్ళ మీద ఆఫీసరు. గుమాస్తా దిగిన బస్సులోనే వచ్చాడు పోయిన నెల, కొత్త మేనేజరు వెంట. ఆట ముఖం ఎప్పుడూ చూడలేదు, చూడనని మేనేజరు ఎదుటే చెప్పాడట. కాని జాబితా మీద పేర్లూ జీతాలూ సరైనవేనని సంతకం పెట్టవలసినవాడు అతడే.

"కరీంనగర్ల మేకలు తప్పిపోవుడు బంద్ అయిందా డిటెక్టివ్ సాబ్?" అన్నాడు.

"తప్పిపోతున్నయ్. దొరుకుతున్నయ్ గూడ. మీ కావలిల బొగ్గు బండ్లకు బండ్లే తప్పిపోతున్నయట, అవి దొరుకుతలేవట గద?"

దేవదాస్ మీసం ఒకసారి ఎగిరి కూర్చుంది. నేను అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు. ఆగలేదు. అర్జీని అతని ముక్కు ముందు ఆడించాను.

"గీ నిశానీ చూడున్రి. ఒక్క గీత చెదరలే, చిన్న మచ్చ లేదు. ఎల్లేశం బొటనవేలు నాలుగేండ్ల కింద బొగ్గు తొట్టి కింద నలిగింది. నా కండ్లతోని చూసిన. అంటే గీ అర్జీ దొంగది. యాభై నిమిషాలల్ల తేల్చిన కేసు."

దేవదాస్ అర్జీ చూశాడు. నన్ను చూశాడు. కోపం వస్తుందనుకున్నాను కాని అతడు నవ్వాడు.

"బరాబర్. మీ మాట నేనెందుకు నమ్మాలె, వేలే చెప్తది. నాలుగున్నరకు ఎల్లేశంను గీడికి తీస్కరాన్రి. సిరా పలక పెడ్త. అర్జీతోని కలుపుత, నౌకరిల చేరిననాడు రిజిస్టరుల పెట్టిన నిశానీతోని గూడ కలుపుత. దొంగదైతే హుకుం రద్దు. వేరే మోసమేమన్న బయట పడితే స్టేషనుకు పంపుత, ఎవ్వడైనా సరే. మీ మాట తప్పైతే అందరి ముంగట ఒప్పుకొని బస్సెక్కాలె."

"ఖాయం," అన్నాను.

బూట్లు టకటకలాడించుకుంటూ పోయాడు. విజయగర్వంతో నేను గుమాస్తాతో, "రిజిస్టరు తియ్యి, ఆ ముద్ర గూడ చూద్దాం," అన్నాను. ముచ్చట పూర్తి చేద్దామని, అంతే.

రాజం ఆరేళ్ళ కిందటి రిజిస్టరు తీశాడు. వేముల ఎల్లేశం, హాజరు బిళ్ళ నంబరు నాలుగు వందల పదిహేడు. పక్కన బొటనవేలి ముద్ర. భూతద్దం పెట్టాను. నీళ్ళలో రాయి వేసినట్టు గుండ్రని సుడి. అర్జీ మీద ముద్రకు పెట్టాను. అదే సుడి. మధ్యలో అదే చిన్న చీలిక. రెండు ముద్రలూ ఒకే వేలివి.

మరి గోల్‌కీపర్ వేలి మీద నేను చూసింది విల్లు. తొట్టి కింద పడితే వేలు చప్పటవుతుంది, మచ్చ పడుతుంది. సుడి విల్లుగా మాత్రం మారదు.

భూతద్దం దించాను. "రాజం, గీ అర్జీ ఎవలు తెచ్చిన్రు?"

"ఎల్లేశమే సార్. నా ముంగటనే నిశానీ పెట్టిండు. రిజిస్టరుతోని కలిపి చూసిన. బరాబర్ కలిసింది, గందుకే పాస్ చేసిన."

"మనిషి ఎట్లుండు?"

"సన్నగ, ఎండిన చిక్కుడు కాయ తీర్గ. నీలం అంగి. అర్జీ ఏమైందో అడగడానికి ఇయ్యాల నాలుగున్నరకు రమ్మన్న."

చిక్కుడుకాయ! క్వార్టరు నంబరు నలభైలో గడప నిండా కూర్చున్న మనిషిని తలచుకున్నాను. గంటె గుర్తొచ్చింది. ఒక్కసారిగా అంతా అర్థమై, అక్కడే ఉన్న ఫైళ్ళ కట్ట మీద కూలబడ్డాను.

మూడు నలభై. మళ్ళీ క్వార్టరు. ఈసారి తలుపు మూయించాను. సారయ్య, గోల్‌కీపర్, సత్తమ్మ, నేను.

"అమ్మా, పెనిమిటి పేరు పలకవు. మంచిదే. కాని పెనిమిటి నెత్తిమీద గంటెతోని కొట్టే ఇల్లాలు, పేరు అడిగితే మాత్రం కొంగు కప్పుకుంటదా? ఓ గోల్‌కీపర్ అని పిలుస్తవు. ఎల్లేశం అని పిలువవు, అది నీ పెనిమిటి పేరు. సొంత పేరుతోని పిలువవు, పిలిస్తే నౌకరి పోతది. గీయన నీ తమ్ముడు. అవునా?"

సత్తమ్మ గంటె కింద పెట్టింది. గోల్‌కీపర్ రెండు చేతులూ జోడించాడు. "నా పేరు హనుమండ్లు సార్," అన్నాడు. ఆ పేరు ఆరేళ్ళుగా పైకి అనలేదేమో, కొంచెం తడబడ్డాడు.

అసలు సంగతి సత్తమ్మే చెప్పింది. భర్తకు గనిలో ఉద్యోగం దొరికింది, క్వార్టరు ఇచ్చారు. గని లోపలి చీకటి చూసి అతడు తొమ్మిదో రోజే భయపడి భివండి మగ్గాలకు పారిపోయాడు. బిళ్ళ ఇంట్లో ఉండిపోయింది. నంబరు పోతే ఉద్యోగం పోతుంది, ఇల్లూ పోతుంది. ఆ బిళ్ళ పట్టుకుని తమ్ముడు గనిలోకి దిగాడు. బొగ్గుబావుల్లో ఇది వింతేమీ కాదు. ఒకడి పేరుతో ఇంకొకడు బొగ్గు తవ్వడం వాడకట్టు అందరికీ తెలుసు, ఆఫీసుకు తప్ప. ఆఫీసు రికార్డులో మాత్రం ఆరేళ్ళుగా అక్కాతమ్ముళ్ళు మొగుడూ పెళ్ళాలు.

"సారయ్యా, నీకెర్కేనా?"

"ఎర్కే సార్." తల వంచుకున్నాడు. "మిగతా పదిమంది సంగతి మాత్రం అడగకున్రి."

అడగలేదు. ఒక్కోసారి తెలుసుకోకపోవడమే పరిశోధన.

"నిశానీ దొంగది కాదు," అన్నాను. "గా ఫైలు మొత్తంల సక్కటి నిశానీ అదొక్కటే. కాయితానికి నూలు గంజి వాసనున్నది. గుమాస్తా చెప్పిన మనిషి సన్నగుండు, నీలం అంగి."

సత్తమ్మ గోడకు జారగిలి కూర్చుంది. ఆరేళ్ళ కోపం, బతికే ఉన్నాడన్న సంతోషం రెండూ ఒకేసారి వస్తే ఏ ఆడదైనా ఏం మాట్లాడుతుంది? "నా ముఖం చూడలేక ఇంటికి రాలే," అంది చివరికి. "తమ్ముడు తన బిళ్ళ మీద చేస్తున్నడని ఎవలో చెప్పుంటరు. తమ్ముడు అర్జీ పెట్టలేడు, వేలు కలవదు గద. గా ఒక్క పని తనే చేసిపెట్టి పోదామనుకున్నడు సచ్చినోడు." కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "నాలుగున్నరకు మా తమ్ముడు వేలు పెడితే ఏమైతది?"

"నౌకరి పోతది. ఇల్లు పోతది. జైలు గూడ కావచ్చు."

"గా తనిఖీ ఎవలు పెట్టమన్నరు?"

ఈ ప్రశ్న రాకూడదని ఫైళ్ళగది నుంచి మొక్కుకుంటూ వచ్చాను. "నేనే," అన్నాను.

గంటె కింద పెట్టి ఉండటం నా అదృష్టం.

నాలుగు ఇరవై ఎనిమిది. ఆఫీసు వరండా. బల్ల మీద సిరా పలక, అర్జీ, రిజిస్టరు, సారయ్య జాబితా. బల్ల వెనక దేవదాస్, పక్కన గుమాస్తా. నీలం అంగీ ఎక్కడా లేదు. హనుమండ్లు స్తంభం వెనక నిలబడ్డాడు కాని ఏ స్తంభమూ అతన్ని దాచలేదు. ఎడమ చెయ్యి తువ్వాలలో చుట్టుకున్నాడు.

నాలుగు ముప్పై. "వేముల ఎల్లేశం!" అని పిలిచాడు దేవదాస్.

ఎవరూ కదలలేదు.

"వేముల ఎల్లేశం!"

హనుమండ్లు అక్క వైపు చూశాడు. కాలు ముందుకు పెట్టబోయాడు. నేను గడియారం చూస్తూ, నాకు తెలిసిన దేవుళ్ళను వరుసగా తలుస్తున్నాను. చిల్లర దేవుళ్ళ దాకా వచ్చాను.

"నా అర్జీ ఏమైంది సార్?"

మెట్ల మీద ఒక సన్నటి మనిషి. నీలం అంగీ, చంకలో చిన్న మూట. ఇక్కడ ఏం జరుగుతోందో తెలియకుండా నేరుగా గుమాస్తా దగ్గరికి నడిచాడు. సత్తమ్మ స్తంభాన్ని గట్టిగా పట్టుకుంది. ఆమెను అతడింకా చూడలేదు.

"ఎల్లేశం అంటే నువ్వేనా?" అన్నాడు దేవదాస్.

"నేనే దొరా."

"ఎడమ చెయ్యి తే."

ఒత్తించాడు. అర్జీతో కలిపాడు, రిజిస్టరుతో కలిపాడు. నా భూతద్దం అడిగి మరీ చూశాడు. తరవాత ఆ బొటనవేలిని పట్టుకుని, సంతలో కోడిని ఎత్తి చూపినట్టు నాకు చూపాడు. నున్నటి వేలు.

"మచ్చ ఏది డిటెక్టివ్ సాబ్? నీ కండ్లతోని చూసినంటివి గద?"

వరండాలో ఇరవై మంది ఉన్నారు. నా పేరు బోర్డు మీద 'ఓటమి ఎరుగని' అని రాయించి రెండేళ్ళయింది. రంగు ఖర్చు తొమ్మిది రూపాయలు. హనుమండ్లు తువ్వాల మూట చూశాను, సత్తమ్మ ముఖం చూశాను.

"పొరబడ్డ," అన్నాను. "వేరే ఎవలిదో వేలు చూసిన. నాదే తప్పు."

దేవదాస్ నవ్వాడు, ఇరవైమందీ నవ్వారు. నిజం చెప్పాలంటే బాధేసింది. కాని సత్తమ్మ నన్ను చూసిన చూపు ఉంది చూశారూ, గెలిచిన కేసుల్లో ఎవరూ నన్ను అలా చూడలేదు.

"గీ దొడ్డోడెవడు? మూలకు నిలబడి వణుకుతుండు?" అన్నాడు దేవదాస్.

"మా తమ్ముడు," అంది సత్తమ్మ. ఆ ఆఫీసులో ఆ కుటుంబం గురించి ఎవరైనా పలికిన మొదటి నిజం అది.

ఆ గొంతు విని ఎల్లేశం తిరిగాడు. చంకలో మూట జారి కింద పడింది. తీసుకోలేదు.

నాలుగు నలభై ఐదు. గెలిచిన దేవదాస్ ఉషారుగా జాబితా మీద పడ్డాడు. వేలు పెట్టి కూడుకుంటూ వచ్చి నాలుక చప్పరించాడు. "అర్జీ సక్కటిదే, పెరిగిన జీతం సక్కటిదే. ఎనిమిది వందల ఎనభై ఏడు. ఏడు రూపాయలెక్కువ. నేనైతే దస్కత్ పెట్ట."

సారయ్య ముందుకొచ్చాడు. జాబితా తీసుకుని చాలాసేపు చూశాడు. ఈసారి దేని మీదా వేలు పెట్టలేదు. నా జేబులోంచి పెన్సిలు తీసుకుని తన పేరు మీద ఒక గీత గీశాడు. పదిహేనేళ్ళ ఆట ఒక్క గీతతో పోయింది. దాని పక్కన రాజంతో అంతయ్య అని రాయించాడు. దీపాల గదిలో దీపాలు తుడిచే మనిషి, జీతం అరవై నాలుగు.

"ఎనిమిది వందల ముప్పై మూడు," అన్నాడు సారయ్య. "పదిహేనేండ్లు ఆడిన. ఇగ బయట నిలబడి ఒర్లుత. ఒర్లెటోనికి జీతం లెక్కల్లేదు గద?" నవ్వబోయాడు. రాలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను.

దేవదాస్ సంతకం పెట్టాడు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో అతడు సిరా పలక మళ్ళీ ముందుకు జరిపాడు.

"ఆగున్రి. ఒకని పేరు మీద ఒకడు ఆడుతున్నడని సేటు కమిటీకి కాయితం రాసిండట. మీ డిటెక్టివ్ సాబ్ పుణ్యమా అని నాకొక ఉపాయం దొరికింది." నా వైపు మర్యాదగా తల ఊపాడు. "గోల్‌కీపర్ ఎదురుంగనే ఉండు. మొదలు వీని నిశానీ జాబితా మీద పడాలె. ఆదివారం నేనే గ్రౌండు కాడ నిలబడ్త. గీ వేలు ఉన్నోడే గోలుల నిలబడాలె. వేరేవాడు నిలబడితే టీం బంద్, స్టేషన్ ఖాయం."

ఎల్లేశం అడిగినచోట వేలు ఒత్తాడు. జాబితా సంచిలోకి, సంచి జీపులోకి పోయాయి. నాలుగు యాభై ఎనిమిదికి జీపు కదిలింది. దేవదాస్ ముందు సీట్లో కూర్చుని నాకు చెయ్యి ఊపాడు.

దుమ్ము అణిగాక సారయ్య మెట్ల మీద కూలబడ్డాడు. జిల్లాలో బంతికి జరగని ఒకే ఒక్క మనిషి తువ్వాల విప్పుకుంటూ నిలబడి ఉన్నాడు. జాబితాలో ఉన్నది మాత్రం ఇంకొకడు. ఆ ఇంకొకడు వచ్చి సారయ్య పక్కన గొంతుకు కూర్చుని మెల్లగా అడిగాడు.

"అన్నా, గోల్‌కీపరంటే బావి లోపలి పనా, బయటి పనా?"

"బయటిదే," అన్నాడు సారయ్య నీరసంగా.

"అయితే చేస్త," అన్నాడు ఎల్లేశం. పెద్ద బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు.

సత్తమ్మ వచ్చి అతని ఎదురుగా నిలబడింది. ఆరేళ్ళ తరవాత మొదటి మాట. నేను దూరంగా పోదామనుకున్నాను కాని వృత్తి ధర్మం కాళ్ళను కదలనివ్వలేదు.

"ఆరేండ్లు మా తమ్ముడు నీ పేరు మోసిండు. ఇగ నీ వంతు," అంది. "మూడు దినాలున్నది. వాని దగ్గర నేర్చుకో. ఆదివారం జరగకుంట నిలబడితే ఇల్లున్నది, నేనున్న. పక్కకు జరిగినవో, అటెన్క భివండి బస్సు నీకు ఎర్కలేనిది కాదు."

ఎల్లేశం తల ఊపాడు. లేచి గ్రౌండు వైపు చూశాడు. బూడిదలో పాతిన రెండు గుంజల మధ్య జాగా నాలుగు గజాలు ఉంది. ఆ గుంజనుంచి ఈ గుంజ దాకా మెల్లగా చూపు తిప్పాడు.

"గదంత నేనొక్కన్నేనా?" అన్నాడు.